మేనితో మెలగు యంత్రములు



కాలిలో ముల్లు విఱిగి లోపలనే నిలిచిపోయిన అనుభవము గలవారికి నేటి నా ప్రసంగ విషయము సగము తెలిసినట్లే. ముల్లు గ్రుచ్చుకొన్న క్షణమున గలుగు బాధ కొంచెమే. దానిని తీయక విడిచినచో రెండు మూడు దినములకు ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, చీము పట్టును. శరీరము ఆ ముల్లును బయటికి నెట్టివేయ జూచును. నెట్టలేనిచో దాని చుట్టు ఒక గట్టి పొరను పెంచి, ఇంట దూఱిన పరాయివానిని గదిలో నుంచి తలుపు బిగించినట్లు, దానిని వేఱు చేయును. కీడు చేయ వచ్చిన ముల్లునకును, మేలు కోరి వైద్యుడు లోపల నుంచిన యంత్రమునకును దేహము పెద్దగా భేద మెంచదు.

అయినను గడచిన అఱువది యేండ్లకు పైగా వైద్యులు మనుష్య దేహములలో యంత్రముల నుంచుచునే యున్నారు. వానివలన లక్షలాది జనులు బ్రదికి తిరుగుచున్నారు. ఆ యంత్రములు మొదట నెంత మొరటుగ నుండెనో, నేడు చర్మమువలె మెత్తబడుట కెట్లు నేర్చుకొనుచున్నవో, మెత్తబడినను వానికి చేతగాని దేమో మనవి చేసెదను.

స్వీడను దేశమున ఆర్నె లార్సన్ అను నొక గృహస్థు డుండెను. 1958వ సంవత్సరమున ఆయనకు 43 ఏండ్లు. గుండె యెప్పుడు ముడుచుకొనవలెనో తెలుపు సూక్ష్మమైన విద్యుత్ప్రేరణ గుండె పైభాగమున పుట్టి క్రిందికి దిగుచుండును. తూము బాగుగనే యున్నను నడుమ కాలువ పూడినచో దిగువ పొలమునకు నీరందదు గదా. లార్సన్ గుండెలో నట్లే ఆ ప్రేరణ క్రిందికి సరిగా దిగుట మానెను. దినమునకు ఇరువది ముప్పది మాఱు లాయన తెలివి తప్పి పడిపోవుచుండెను. మందులతో కుదుర లేదు.

ఆ కాలముననే స్టాక్‌హోము నగరము చెంత కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఓకె సెనింగ్ అను శస్త్రవైద్యుడును, రూనె ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరును గుండెకు బయటినుండి విద్యుత్తు నందించు పద్ధతులను పరిశోధించుచుండిరి. ఈ సంగతి లార్సన్ భార్య ఎల్సె-మారీ చెవిని బడెను. ఆమె వారిని విడువలేదు. మనుష్యుని దేహములో నుంచదగిన యంత్రము మా యొద్ద లేదని వారన్నను, లేకున్న నిప్పుడు చేయుడని పట్టుబట్టెను. తుదకు ఎల్మ్‌క్విస్ట్ కొన్ని విద్యుత్ సామగ్రులను కూర్చి, వానిపై జిగురువంటి రసమును పోసి గట్టిపఱచెను. ఆ రసమును పోయుటకు దొరకిన అచ్చు ఏమనుకొందురు? బూట్లకు పూయు పాలిషు డబ్బా! 1958 అక్టోబరు 8వ తేదీన ఆ బిళ్లను లార్సన్ దేహములో కుట్టిరి. అది కొన్ని గంటలకే ఆగిపోయెను. మఱియొకటి పెట్టిరి. అటు తరువాత ఆయన జీవితమున ఇరువదికి పైగా యంత్రములు మార్చవలసి వచ్చెను. కాని ఆయన 2001వ సంవత్సరము వఱకు, 86 ఏండ్లు జీవించెను. ఇంజనీరు 1996లోను, వైద్యుడు 2000లోను కాలము చేసిరి. తన్ను బ్రదికించిన యిద్దఱి కంటెను రోగియే యెక్కువ కాలము నిలిచెనన్న మాట.

ఈ కథలో ఎల్సె-మారీకి గల గౌరవము చాలినంతగ లభింపలేదని నా అభిప్రాయము. పుస్తకములలో వైద్యుని పేరు, ఇంజనీరు పేరు ముందు వచ్చును. ఆమె గుమ్మము పట్టుకొని నిలువకున్నచో ఆ డబ్బా అచ్చు కాకపోయి యుండును.

ఇరువదికి పైగా యంత్రములు మార్చవలసిన అగత్యమేమి? తొలినాళ్ల సామగ్రి నాసిగ నుండుట ఒక కారణము. విద్యుత్తు నిచ్చు ఘటము కొంతకాలమున కుడుగుట మఱియొకటి. వీనికి మించి ఒక మౌలికమైన చిక్కు కలదు. మన దేహము మెత్తనిది, ఎప్పుడును కదలుచుండునది. యంత్రము గట్టిది, కదలక యుండ గోరునది. గుండె దినమునకు సుమారు లక్ష మాఱులు కొట్టుకొనును. దానికి తగిలించిన తీగ కూడ లక్ష మాఱులు వంగవలయును. పశువును కట్టిన పలుపు ఒరయుచు ఒరయుచు ఒకచోట తెగిన ట్లా తీగయు అలసిపోవును. పెట్టెను మెడయెముక క్రింద తోలు చాటున దాచవచ్చును గాని, తీగను కదలికనుండి దాచుట యెట్లు?

గుండె సంగతి యిట్లుండగా మెదడు సంగతి మఱింత సున్నితము. మూర్ఛరోగమునకు, వణకురోగమునకు, మాట పడిపోయినవారికి మెదడులోని విద్యుత్తును కనిపెట్టు సన్నని సూదు లుపయోగపడును. మెదడు మెత్తదనము పెరుగును బోలినది. సూదులు చేయు సిలికాను దానికంటె ఇంచుమించు పది కోట్ల రెట్లు బిఱుసు. ఊపిరి తీసినప్పు డెల్ల, నాడి కొట్టినప్పు డెల్ల మెదడు రవంత కదలును. గడ్డపెరుగు కుండలో ఇనుప మేకు నిలిపి, ఆ కుండను బండిమీద గతుకుల బాటలో తోలినచో ఏమగునో యోచింపుడు. మేకు చుట్టును పెరుగు చిందఱవందఱ యగును. మెదడు ఆ సూది చుట్టు మచ్చ గట్టిన పొరను పెంచుకొనును. పొర పెరిగిన కొలది సూదికి మెదడు పలుకు వినబడదు. ముల్లు కథయే యిదియును.

కావున శాస్త్రజ్ఞులు యంత్రమునే మెత్తబఱచ దలచిరి. కాని సిలికాను గాజువలె పెళుసైనది, వంచిన పగులును. దీనికి ఉపాయము మన మేదరివానికి తరతరములుగ తెలిసినదే. వెదురు బొంగును మోకాలికి ఆనించి వంచిన వంగదు, విఱుగును. దానినే చీల్చి పలుచని బద్దలు చేసినచో చెప్పినట్లు వంగి, బుట్టయగును, తట్టయగును, తడికయగును. పదార్థము మాఱలేదు, పలుచనైనది, అంతియే. సిలికానును కూడ వెండ్రుక మందములో ఎన్నో పాళ్లకు పలుచన చేసినచో అది ఆకువలె వంగును. వంగుట యొకటి, సాగుట యొకటి. సాగుటకు తీగలను తిన్నగా గీయక పాము నడకవలె వంకరలు తిప్పి, రబ్బరు పొరపై నమర్చిరి. రబ్బరును లాగినప్పుడు వంకరలు విప్పుకొనును గాని లోహము తెగదు.

ఈ పద్ధతిని అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున జాన్ రోజర్స్ అను ఆచార్యుడు తన సహాధ్యాయులతో సాధించి 2011లో లోకమునకు వెల్లడించెను. వారు చేసిన యంత్రము చూచుటకు యంత్రమువలె నుండదు. పిల్లలు నీటితో తడిపి చేతి కంటించుకొను రంగుబొమ్మవలె నుండును. నుదుట నంటించిన మెదడు విద్యుత్తును, ఱొమ్మున నంటించిన గుండె విద్యుత్తును అది కనిపెట్టును. చర్మము ముడుత పడిన తానును ముడుత పడును. జపాను దేశమున టోక్యో విశ్వవిద్యాలయమునందు తకావో సొమేయా అను ఆచార్యుని బృందము 2017లో మఱియొక మార్గమును చూపెను. నీట కరగు నారపోగులతో సాలెగూడువంటి వలను అల్లి, దానిపై బంగారు పూత పూసిరి. ఆ వలను చేతిపై పఱచి నీరు చల్లిన నార కరగిపోయి బంగారు వల మాత్రము చర్మమునకు హత్తుకొనును. చెమట నిలువదు, గాలి యాడుచుండును. ఇరువదిమంది వారము దినములు ధరించినను వాపు గాని దురద గాని కలుగలేదట. ఒంటిమీద బంగారము ధరించుట మనకు క్రొత్త గాదు. రోగమును కనిపెట్టు బంగారము మాత్రము క్రొత్త.

ఇవి వింత లని విని మఱచుటకు నేను చెప్పుట లేదు. వీని ప్రయోజన మెక్కడ నున్నదో చూచుటకు నెలలు నిండక పుట్టిన శిశువు నొకనిని తలచుకొనుడు. అట్టి శిశువు అఱచేతిలో పట్టునంత యుండును. వాని చర్మము ఉల్లిపొరవలె పలుచన. గుండె, ఊపిరి, వేడిమి ఎడతెగక కనిపెట్టవలయును గాన వాని యొంటికి తీగ లంటింతురు. ఆ అంటులను తీయునప్పుడు చర్మము కూడ ఊడివచ్చుట కలదు. ఆ మచ్చలు కొందఱికి పెద్దవారైనను పోవు. అంతకంటె కష్టమైనది, ఇన్ని తీగల నడుమ తల్లి బిడ్డ నెత్తుకొనుట. తల్లి ఱొమ్మున చర్మమునకు చర్మము తాకించి పెట్టుకొనుటకు మించిన మందు అట్టి శిశువునకు లేదు. ఈ సంగతిని కొలంబియా దేశపు బొగొటా నగర వైద్యులు 1978 మొదలుకొని లోకమునకు చాటుచు వచ్చిరి. మన ముసలమ్మ లెవరును దీనిని కాదనరు.

రోజర్స్ బృందము 2019లో ప్రకటించిన సాధనములు రెండు మెత్తని బిళ్లలు. ఒకటి ఱొమ్మున, రెండవది పాదమున చుట్టబడును. తీగలు లేవు. ఘటము కూడ లేదు. పఱుపు క్రింద నుంచిన చుట్టనుండి రేడియో తరంగములే వానికి శక్తి నిచ్చును. అవి కనిపెట్టిన వార్త ఆ తరంగముల మీదనే తిరిగి వచ్చును. నా మాటను మీ యింటికి మోసికొని వచ్చు తరంగముల జాతివే అవియును. చికాగో నగర వైద్యాలయములలో వీనిని శిశువులపై నుంచి, తీగలు గల పాత సాధనములతో సరిచూచిరి. లెక్కలు సరిపోయినవి. తల్లి బిడ్డను ఎత్తుకొనియు నుండవచ్చును, వైద్యునికి గుండె చప్పుడు తెలియుచును నుండవచ్చును.

ఇంతవఱకు చెప్పినవి పైన నంటించునవి. లోపల నుంచువానికి మఱియొక ప్రశ్న కలదు: పని తీఱిన పిమ్మట వానిని బయటికి తీయుట యెట్లు?

1969లో చంద్రునిపై తొలి యడుగు వేసిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీ రెఱుగుదురు. 2012 ఆగస్టులో, 82 ఏండ్ల ప్రాయమున, ఆయనకు గుండెకు శస్త్రచికిత్స జరిగెను. అట్టి చికిత్స పిమ్మట కొన్ని దినములు గుండె లయ తప్పకుండ తాత్కాలికముగ తీగలను గుండెకు కుట్టి, కొనలను ఱొమ్ము వెలుపలికి తెచ్చి పెట్టెకు తగిలించుట వాడుక. గుండె కుదుటపడగనే ఆ తీగలను లాగివేయుదురు. చాలవఱకు ఏ చిక్కును రాదు. ఆర్మ్‌స్ట్రాంగునకు మాత్రము తీగలు తీసిన పిమ్మట లోపల రక్తము కాఱెననియు, దానినుండి ఆయన కోలుకొనలేదనియు తరువాత పత్రికలు ప్రకటించినవి. చంద్రునిదాక పోయి వచ్చినవాడు ఒక సన్నని తీగ చేత పోవుట!

ఈ తీగలే లేకుండ జేయు యంత్రమును అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున రోజర్సును, ఇగోర్ ఎఫిమోవ్ అను హృదయశాస్త్రజ్ఞుడును వారి సహచరులును నిర్మించిరి. 2021లో మొదటి రూపము, 2025 ఏప్రిలులో మఱింత చిన్న రూపము ప్రకటింపబడెను. రెండవది మూడున్నర మిల్లిమీటర్ల పొడవు, రెండు మిల్లిమీటర్లకు లోపు వెడల్పు, ఒక మిల్లిమీటరు మందము గలది. బియ్యపు గింజ కంటె చిన్నది! సూదిమందు నెక్కించు పిచికారీ గొట్టముననే దూఱును. దీనిలో ఘటము వేఱుగ లేదు. రెండు విధములైన లోహసంబంధ పదార్థములు దేహములోని ఉప్పునీటిలో మునిగియుండును గాన, ఆ నీటితో గలిసి అవియే ఘట మగును. ఱొమ్ముమీద నంటించిన మెత్తని పట్టీ గుండె లయను గమనించుచుండి, లయ తప్పగనే చర్మము గుండ వెలుగును మినుకుమినుకు మనిపించును. మన అఱచేతిని దీపమున కడ్డు పెట్టిన ఎఱ్ఱని కాంతి యీవలికి వచ్చుట చూచియున్నారు గదా. అట్టి కాంతిలో కంటికి కనబడని భాగ మది. ఆ మినుకును చూచి లోపలి గింజ గుండెను తట్టును.

పని తీఱిన పిమ్మట దానిని తీయనక్కఱ లేదు. అది మెల్లగ దేహరసములలో కరగిపోవును. మగ్నీషియమువంటి లోహము మన యాహారముననే కలదు. అతి పలుచని సిలికాను పొర కూడ నీటిలో దినదినము రవంత చొప్పున కరగుననియు, ఆ కరగిన పదార్థము దేహమునకు హాని చేయదనియు 2012 నుండి జరిగిన పరిశోధనలు తేల్చినవి. పుట్టుకతోనే గుండెలో లోపము గల శిశువులు నూటికి ఒక రుందురు. వారిలో శస్త్రచికిత్స జరిగినవారికి చాలమందికి ఒక వారము దినముల తోడు చాలును. ఆ వార మాదుకొని తానై తొలగిపోవు తోడు ఈ గింజ. అయితే ఒకటి చెప్పవలయును. 2025లో ప్రకటించిన నాటికి దీనిని జంతువులపైనను, చనిపోయిన దాతల గుండెలపైనను మాత్రమే పరీక్షించిరి. బ్రదికియున్న శిశువునకు పెట్టుట వేఱు మాట. పత్రికలలో పెద్ద అక్షరములు చూచి, రేపే మన పట్టణపు వైద్యుని యొద్ద దొరకునని యెవరును పొరపడరాదు.

ఇక యంత్రములకు చేతగాని సంగతి. దీనికి మనము వేలూరునకు పోవలయును. వేలూరి ఆసుపత్రి మన చిత్తూరు సీమవారికి పొరుగిల్లు వంటిది. అచటి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. ఆయన ఆంగ్లేయుడే యైనను 1914లో తమిళనాట కొల్లి కొండలలో పుట్టినవాడు. కుష్ఠరోగుల వ్రేళ్లు రోగము చేతనే కుళ్లి రాలునని ఆనాడు అందఱును నమ్ముచుండిరి. బ్రాండ్ ఏండ్ల తరబడి పరిశీలించి, రోగము వ్రేళ్లను తినుట లేదనియు, స్పర్శను మాత్రము చంపుననియు, స్పర్శ పోయినవాడు తన చేతిని తానే పాడుచేసికొనుచున్నాడనియు కనుగొనెను. ఒకనాడు తుప్పు పట్టిన తాళము ఆయనకు రాకపోగా, ఒక చిన్న కుఱ్ఱవాడు వచ్చి తాళపుచెవిని త్రిప్పి తీసెనట. అంత బలము వీనికెక్కడిదని చేయి చూడగా వ్రేలు ఎముక కనబడునట్లు తెగియుండెను. వానికి తెలియనే తెలియదు. రాత్రివేళ కొందఱి వ్రేళ్లు మాయమగుటకు కారణము వెదకి చూడగా ఎలుకలు కొఱుకుచుండెను. నిద్రలో నొప్పి లేదు గాన రోగి మేలుకొనడు. ఇంటికి పోవు రోగులకు బ్రాండ్ పిల్లుల నిచ్చి పంపెను. ఇంత చవుకయైన సాధనము, ఇంత ఫలించినది, వైద్యశాస్త్రమున మఱియొకటి కలదా యని నా సందేహము.

బ్రాండ్ 1966లో అమెరికాకు పోయి లూసియానా రాష్ట్రమున కార్విల్ కుష్ఠు వైద్యాలయమున చేరెను. అచట ఆయనయు ఇంజనీర్లును కూడి నొప్పిని యంత్రముతో చేయ దలచిరి. చేతితొడుగులలో, చెప్పులలో ఒత్తిడిని కనిపెట్టు బిళ్ల లమర్చి, ఒత్తిడి మీఱినచో చెవిలో మ్రోత వచ్చునట్లు చేసిరి. ఆ బిళ్లలు ఖరీదైనవి. పలుమాఱులు ఒత్తిడి తగిలి, తుప్పు పట్టి కొలదికాలమునకే చెడుచుండెను. ఇది మొదటి చిక్కు. రెండవది వింతైనది. మ్రోత వినబడినను రోగులు చేయుచున్న పనిని మానరైరి. మ్రోత చాలదని చంకలో విద్యుత్తు చుఱుక్కుమనునట్లు మార్చిరి. అప్పుడేమి చేసిరనగా, బిగువైన మరను త్రిప్పవలసి వచ్చినప్పుడు మీటను నొక్కి యంత్రము నాపి, పని కాగానే మరల నడపుకొనిరి! వారు మూర్ఖులు గారు. ఆ నొప్పి వారిది గాదు, అంతియే. మీ కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు దాని నాపు మీట మీ చేత నున్నదా? లేదు గనుకనే మీరు నిలుచుందురు. బ్రాండ్ ఆ ప్రయత్నమును విడిచెను. 2003లో ఆయన పరమపదించెను.

బ్రాండును ఓడించిన మొదటి చిక్కు నేడు చాలవఱకు తీఱినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జెనాన్ బావో అను ఆచార్యురాలి బృందము 2010లోనే సన్నని గోపురముల వరుసవంటి రబ్బరు పొరతో, ఈగ వ్రాలినను కనిపెట్టు మెత్తని చర్మమును చేసెను. రెండవ చిక్కు మాత్రము అట్లే యున్నది. మధుమేహముచే పాదములు మొద్దుబాఱినవారి కొఱకు ఇంగ్లండులోని మాంచెస్టరు పరిశోధకులు చెప్పు లోపలి అట్టలో ఒత్తిడి బిళ్లలు పెట్టి, హెచ్చరిక చేతి గడియారమునకు వచ్చునట్లు చేసి 2019లో ఫలితములు ప్రకటించిరి. పుండ్లు మరల పుట్టుట బాగుగ తగ్గెను. అయితే దినమున నెక్కువ గంటలు తొడిగినవారికే ఎక్కువ మేలు కలిగినది. తొడుగక మూలబెట్టినవారిని ఏ యంత్ర మేమి చేయగలదు?

మన పల్లెలలో మధుమేహము గల పెద్దలు నేడు తక్కువగా లేరు. పాదమున చీమ ప్రాకినను తెలియని స్థితి వచ్చినవారు ఆ సంగతి ఇంటివారికి చెప్పక దాచుచుందురు. అట్టివారు ఒట్టి కాళ్లతో పొలము గట్టుకైనను పోరాదు. చెప్పులు తొడుగుటకు ముందు తలక్రిందులు చేసి దులుపవలయును. రాయి యుండవచ్చును, తేలు నుండవచ్చును. స్నానపు నీటి వేడిని పాదముతో గాక మోచేతితో పరీక్షించుకొనవలయును. ప్రతిరాత్రియు పండుకొనుటకు ముందు కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులను పొడిగుడ్డతో తుడిచి, అఱికాళ్లను దీపము వెలుగున చూచుకొనవలయును. చూపు ఆననివారు మనుమని పిలిచి చూడుమన వచ్చును. ఎఱ్ఱని మచ్చ గాని, పొక్కు గాని కనబడినచో నొప్పి లేదు గదా యని తెల్లవాఱువఱకు నడచి చూడక, మఱునాటి మొదటి బస్సుననే వైద్యుని యొద్దకు పోవలయును.